బెంగళూరు బన్నేరుఘట్ట రోడ్డు సిగ్నళ్లకు నిధులు ఎక్కడ అడగాలి?

ప్రశ్న (జయనగర్)
బన్నేరుఘట్ట రోడ్డు మీద 12 జంక్షన్లకు రద్దీని బట్టి టైము మార్చుకునే అడాప్టివ్ సిగ్నళ్ల డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) రాస్తున్నాం. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు ఏ పథకం కింద అడగాలి? అంచనాలో ఏది మరిచిపోకూడదు?

మడివాళ
స్మార్ట్ సిటీలో ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం 500 కోట్ల వరకు ఇచ్చేది, రాష్ట్రం, కార్పొరేషన్ కలిసి అంతే వేసేవి. ఆ దారి మూసుకుపోయింది కాబట్టి మూలధన పెట్టుబడి కోసం రాష్ట్రాలకు ఇచ్చే ప్రత్యేక సాయం చూడండి. అది 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు. కార్పొరేషన్ నేరుగా అడగడానికి వీల్లేదు, ఫైలు రాష్ట్ర ఆర్థిక శాఖ మీదుగా వెళ్లాలి. మార్గదర్శకాలు ఏటా మారతాయి, ఆ ఏటివి చేతిలో పెట్టుకునే రాయండి. నిర్భయ నిధి జోలికి మాత్రం వెళ్లకండి. సేఫ్ సిటీకి 60:40 వాటాతో ఇచ్చిన ఆ డబ్బు మహిళల భద్రత కోసం, సిగ్నల్ టైమింగుల కోసం కాదు.

అడయార్, చెన్నై
మా దగ్గర ట్రాఫిక్‌ను కంప్యూటర్లతో నడిపించే ఐటీఎస్‌కు 2018 మార్చిలో జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ జైకాతో రుణ ఒప్పందం కుదిరింది, సుమారు 808 కోట్ల యెన్లు. మీ ఊళ్లో మోడెరాటో అనే జపాన్ అడాప్టివ్ సిగ్నళ్లకు అదే జైకా ఇచ్చింది గ్రాంటు, తిరిగి కట్టక్కర్లేదు. కానీ 12 జంక్షన్ల కోసం ఆ తలుపు తట్టడం దండగ. సర్వే, కన్సల్టెంటు, టెండరు అంటూ ఏళ్లు గడిచిపోతాయి. నగరం మొత్తానికి అడిగితేనే గిట్టుబాటు.

కేఆర్ పురం
డబ్బు వచ్చాక ఈ సిగ్నళ్లు పాడయ్యేది నిర్వహణ లేకే. రోడ్డులో లూప్ (బండి వచ్చిందని పసిగట్టే వైరు చుట్ట) వేస్తే, దానికోసం కోసే గాడిలో మూలలు ఏటవాలుగా కోయించండి. లంబంగా వంచితే వైరు తొడుగు అక్కడే చిట్లుతుంది. మూసే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి. ఆ తర్వాత అసలు గండం తారు గీకే యంత్రం. అది పైపొర లేపినప్పుడు లూప్ తెగుతుంది. లూప్ తెగితే కంట్రోలర్ అక్కడ ఎప్పుడూ బండి ఉన్నట్టే లెక్కేసి పూర్తి గ్రీన్ ఇచ్చేస్తుంది. పక్క రోడ్డువాళ్లు ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడతారు. పేరుకే అడాప్టివ్! తరచూ తవ్వే చోట స్తంభం మీద కెమెరా డిటెక్టరే నయం, కాకపోతే అద్దం తుడవడానికి మనిషి ఖర్చు రాసుకోవాలి.

ఐదేళ్ల నిర్వహణను వేరే పద్దుగా పెట్టి మూడు నెలలకోసారి చెల్లించండి, అదీ సిగ్నల్ పనిచేసిన గంటల లెక్కన. కరెంటు బిల్లు, సిమ్ అద్దె, యూపీఎస్ బ్యాటరీలు కూడా అందులోనే. ఎండకు కాగే పెట్టెలో బ్యాటరీ కాగితం మీద రాసినన్నాళ్లు బతకదు.

జయనగర్
రెడ్ లైట్ దాటినవాళ్లకు చలానా వేసే కెమెరాలు ఇందులోనే కలపొచ్చా?

మడివాళ
వేరే భాగంగా రాయండి. వాటికి 2021లో వచ్చిన మోటారు వాహనాల నిబంధన 167ఏ వర్తిస్తుంది. పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, ఏటా రెన్యువల్ చేయించాలి, ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. కలిపి రాస్తే, ఆ పత్రం ఆలస్యమైనప్పుడు మీ సిగ్నళ్ల బిల్లు కూడా దాంతోపాటే ఆగుతుంది.