క్యోటో వైపు ఒక్కరోజులో గుడి, టీ రెండూ: అమ్మానాన్నలతో ఎటు వెళ్లాలి?

సుధ_ఒసాకా:
నమస్తే అందరికీ. నవంబర్‌లో అమ్మానాన్న ఒసాకా వస్తున్నారు. నాన్నకి గుళ్లు, చరిత్ర అంటే ప్రాణం, అమ్మకేమో ఇక్కడివాళ్లు టీ కలిపి ఇచ్చే పద్ధతి దగ్గర్నుంచి చూడాలని ఎప్పటినుంచో కోరిక. క్యోటోలో కింకకుజి, కియోమిజు గుళ్లు అనుకున్నాను గానీ ఎర్రాకుల సీజన్లో క్యోటో బస్సు ఎక్కాలంటేనే టెన్షన్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. పైగా కార్తీక మాసం, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టదు. ఎక్కువ తిప్పకుండా ఒక్కరోజులో రెండూ కుదిరే చోటుందా?

నారా_లైన్:
ఉజి, క్యోటోకి దక్షిణాన టీకి పేరున్న ఊరు. ఇందులో రెండో మాట లేదు. కాకపోతే క్యోటో నుంచి రైల్లో వస్తూ నేరుగా ఉజిలో దిగకండి, దానికి ఒక స్టేషన్ ముందు ఓబకు వస్తుంది, అక్కడ దిగి కాస్త నడిస్తే మంపుకుజి గుడి. చైనా నుంచి వచ్చిన ఇంగెన్ అనే జెన్ గురువు 1661లో స్థాపించిన మఠం కాబట్టి చూడగానే మిగతా జపాన్ గుళ్లలా అనిపించదు. టీ ఆకుల్ని పొడి చేయకుండా వేడినీళ్లలో వేసి వడగట్టుకుని తాగే సెంచా అలవాటు జపాన్‌లో పెరగడంలో ఈ మఠం సన్యాసుల పాత్ర పెద్దది. భోజనశాల ముందు నోట్లో గుండు కరుచుకున్న పెద్ద చెక్క చేప వేలాడుతుంటుంది. వేళ అయిందని తెలపడానికి దాన్నే కొడతారు, ఏళ్ల తరబడి దెబ్బలు తిని పొట్ట దగ్గర చెక్క గుంటపడి ఉంటుంది, మీ నాన్నగారికి తప్పకుండా చూపించండి.

అమ్మగారి భోజనం సంగతీ అక్కడే తేలిపోతుంది. ఫుచా ర్యోరి అని, పెద్ద పళ్లేల్లో పెట్టి అందరూ పంచుకు తినే మఠం భోజనం. మాంసం, చేపే కాదు, బౌద్ధ మఠాల నియమం ప్రకారం ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ముందే బుక్ చేసుకోవాలి, ఖరీదూ ఎక్కువే. మిరిన్ అని బియ్యంతో చేసే తియ్యటి మద్యం ఇక్కడి వంటల్లో మామూలు, ఆ పట్టింపు ఉంటే బుక్ చేసేటప్పుడే అడిగేయండి. బయట హోటళ్లలో మాత్రం జాగ్రత్త. ఉజిలో ఎక్కడ చూసినా కనిపించే ఆకుపచ్చ చా-సోబా నూడుల్స్ చూడ్డానికి శాకాహారమే, వాటితో ఇచ్చే పులుసులో చేప ఉంటుంది.

గియోన్_పక్కవీధి:
నేనైతే కెన్నిన్‌జి అంటాను. 1191లో చైనా నుంచి టీ గింజలు తెచ్చాడని చెప్పే ఎయిసాయి 1202లో స్థాపించిన గుడి అది, క్యోటో నడిబొడ్డున గియోన్ అనే పేటలో. వసారాలో కూర్చుని తోట చూస్తుంటే లేవబుద్ధి కాదు. ఉజి అంటూ అంత దూరం ఎందుకు పెద్దవాళ్లతో?

నారా_లైన్:
ఏం దూరమండీ, క్యోటో స్టేషన్ నుంచి ఫాస్ట్ రైల్లో ఇరవై నిమిషాల లోపే. కెన్నిన్‌జి మంచి గుడే, కాదనను, కానీ నవంబర్‌లో గియోన్ జనంలో మోకాళ్ల నొప్పులతో నడిపిస్తారా? ఉజిలో నది ఒడ్డు వెంట దాదాపు చదునైన దారి.

మాచా_కాదు_గ్యొకురో:
ఉజికే నా ఓటు, కానీ వరుస తిరగేయండి. పొద్దున్నే బ్యోదోయిన్. ఫుజివారా యోరిమిచి తన తండ్రి నాటి విడిదిని 1052లో గుడిగా మార్చి, మరుసటి ఏడు ఫీనిక్స్ మంటపం కట్టించాడు, 10 యెన్ నాణెం మీద ఉన్నది అదే. ధర్మం క్షీణించే యుగం ఆ 1052లోనే మొదలవుతుందని అప్పటివాళ్ల నమ్మకం, మన కలియుగం లెక్క. లోపల శిల్పి జోచో చేసిన అమిదా బుద్ధుడు, చెక్క ముక్కలు జతచేసి చేసిన విగ్రహం. చెరువు అవతల నిలబడి చూస్తే జాలీలోని గుండ్రటి సందులోంచి సరిగ్గా ఆ ముఖం కనిపించేలా కట్టారు. లోపలికి వెళ్లడానికి వేరే టికెట్, టైమ్ వేసి ఇస్తారు, రద్దీ రోజుల్లో త్వరగా అయిపోతాయి, కాబట్టి గేటు దాటగానే మొదట అదే కొనండి. మీ వంతు వచ్చేలోపు మ్యూజియం చూడండి, మబ్బుల మీద కూర్చుని డప్పులు, వీణల్లాంటివి వాయిస్తున్న చిన్న చిన్న బోధిసత్వుల్ని అక్కడ ముఖాముఖి చూడొచ్చు. అందరూ మంటపం ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, నన్నడిగితే అసలు సరుకు మ్యూజియంలోనే ఉంది.

టీకి పక్కనే నది ఒడ్డున తైహోఆన్ ఉంది, ఉజి నగరపాలక సంస్థ నడిపేది. వెళ్లేముందు ఫోన్ చేసి ర్యూరే అడగండి, అంటే కుర్చీ, బల్ల పద్ధతి. 1872లో క్యోటో ఎగ్జిబిషన్‌కి విదేశీయులు వస్తారని ఉరాసెంకె అనే టీ సంప్రదాయం వాళ్లు మొదలుపెట్టింది, అమ్మగారు మొహమాటపడక్కర్లేదు. ముందు స్వీటు మొత్తం తినేయాలి, తర్వాతే టీ. గిన్నె ఎడమ అరచేతిలో పెట్టుకుని, దాని ముందువైపు పెదవి తగలకుండా కొంచెం తిప్పి తాగాలి, చివరి గుక్క చప్పుడు చేస్తూ లాగినా తప్పులేదు. పాలు, చక్కెర ఉండవని ముందే చెప్పి తీసుకెళ్లండి.

నాగార్జునకొండ_నుంచి:
సుధ గారూ, నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. ఆచార్య నాగార్జునుణ్ని జపాన్‌లో ర్యూజు అంటారు, ఇక్కడి ఎనిమిది బౌద్ధ శాఖలకూ మూలపురుషుడిగా లెక్కిస్తారు. అమిదా భక్తిలో ఒక శాఖకు ఏడుగురు గురువుల్లో మొదటివాడు ఆయనే. మనవైపు నుంచి వచ్చిన పెద్దాయనకి బ్యోదోయిన్‌లో ఆ అమిదా విగ్రహం ముందు నిలబడితే ఇది పనికొస్తుంది.

సుధ_ఒసాకా:
అందరికీ చాలా థ్యాంక్స్! అయితే పొద్దున్న ఉజి, మధ్యాహ్నం ఓబకులో భోజనం. జేఆర్ రైల్లో క్యోటో మీదుగానే రావాలా? ఇంటికి మాచా, అదే టీ ఆకుల పొడి, డబ్బాలు కొందామంటే దొరుకుతాయా?

మాచా_కాదు_గ్యొకురో:
క్యోటో వెళ్లక్కర్లేదు. ఒసాకా యొదొయబషిలో కేయ్‌హన్ కంపెనీ రైలు ఎక్కి చూషోజిమాలో ఉజి లైన్‌కి మారండి. ఆఖరి స్టేషన్ ఉజి, బయటికి రాగానే వంతెన, ఆ మూలనే 1160 నుంచి ఉన్నామని చెప్పుకునే త్సూఎన్ టీ కొట్టు. భోజనానికి అదే లైన్‌లో వెనక్కి రెండు స్టేషన్లు వస్తే ఓబకు, ఇంటికి వెళ్లే దారే. మాచా 2024 నుంచి కొరతగా ఉంది, చాలా కొట్లలో మనిషికి ఇన్నే అని పరిమితి పెట్టారు. తిరగలిలో గంటకి నలభై గ్రాముల పొడే వస్తుంది మరి. దొరక్కపోతే సెంచా కొనండి, ఇక్కడి ఇళ్లల్లో పెద్దవాళ్లు తాగేది ఎలాగూ అదే. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దని చెప్పండి, చేదెక్కిపోతుంది.