టెక్సస్ స్కూల్లో అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. మావాడి క్లాస్‌మేట్ ఒకడు ఎవరితోనూ కలవడు, ఎప్పుడూ పాత కాల్పుల వీడియోలే చూస్తుంటాడట. ఈ మధ్య వాళ్ల నాన్న రైఫిల్ పట్టుకుని తను దిగిన ఫొటోలూ చూపించాడు. బెదిరింపు మాట ఒక్కటీ అనలేదు. ఇంతమాత్రానికి పోలీసులు ఏం చేస్తారు?

2023లో ఇక్కడి ఆలెన్ మాల్ కాల్పుల్లో పోయిన 8 మందిలో మన హైదరాబాద్ అమ్మాయి కూడా ఉంది. అప్పటి నుంచి టెన్షనే. ప్రమాదకరంగా కనిపించేవాళ్ల దగ్గర్నుంచి కోర్టు ద్వారా కొంతకాలం తుపాకులు తీసేసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం ఫ్లోరిడాలో ఉంది, టెక్సస్‌లో లేదు. మెయిన్ రాష్ట్రంలో అలాంటి చట్టమే కాస్త బలహీనంగా అప్పటికే ఉన్నా, హంతకుడి ఇంట్లోవాళ్లు ముందే హెచ్చరించినా, 2023లో అక్కడి లూయిస్టన్ కాల్పుల్లో 18 మంది చనిపోయారు. 2022లో మన టెక్సస్‌లోనే ఉవాల్డే స్కూల్లో కాల్పులు జరిపిన హంతకుడైతే 18 ఏళ్లు నిండగానే చట్టప్రకారమే రైఫిళ్లు కొన్నాడు. అన్నిటికీ మానసిక జబ్బే కారణమని తేల్చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

స్కూళ్లలో థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్‌లు (ఎవరివల్లైనా ప్రమాదం ఉందేమో అంచనా వేసే బృందాలు) ఉండాలని 2019లో ఇక్కడ చట్టం చేశారు. వాళ్లతో పని పడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ పిల్లాడితో, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడతారా, సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటారా? మావాడి పేరు బయటికి రాకుండా చెప్పొచ్చా?