పాకాల బాట పక్కన తెల్లపూల తీగ: తెగడా, బొద్దా?

పాకాల_బాట:
కార్తీక వనభోజనాలకని మొన్న ఆదివారం పాకాల చెరువుకు పోయాం. కట్ట దాటి అడవిలోకి పోయే బాట పక్కన, ఒక పొద నిండా అల్లుకున్న తీగ కనిపించింది. తెల్లటి గరాటు పూలు, నా బొటనవేలంత పొడవు. ఆకు గుండె ఆకారంలో ఉంది, కొస సన్నగా ఉంది. తుంచితే పాలు వచ్చాయి. కాడ మాత్రం గుండ్రంగా లేదు. వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే అంచులు తగిలాయి. కాడ పొడవునా మూడు పలుచని రెక్కల్లాంటివి ఉన్నాయి, ఒకచోట నాలుగు. ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే ఒక ఫొటోకి మూన్‌ఫ్లవర్ అంది, ఇంకో ఫొటోకి ఇంకేదో చెప్పింది. ఇది మన నేల మొక్కేనా? పేరేంటి? పూలు లేనప్పుడు ఎట్లా గుర్తుపట్టాలి?

జమ్మికుంట_అక్క:
తమ్మీ, అది బొద్ది తీగ అయి ఉంటుంది. వానలు పడ్డాక లేత ఆకు కోసుకొచ్చి మా అమ్మ పెసరపప్పులో వేసి వండేది. ఆ కూర తిని ఇరవై ఏళ్ళయింది. ఆకు వెనక్కి తిప్పి చూశావా? బొద్ది ఆకు వెనక వెండి పూసినట్టు మెరుస్తుంది, చెయ్యి వేస్తే పట్టుగుడ్డ ముట్టుకున్నట్టు మెత్తగా ఉంటుంది. పువ్వు తెలుపే. పొద్దుగూకాక విచ్చుకుంటుంది, వాసన వాకిలి దాకా వస్తుంది. ఎక్కడ చూశావో సరిగ్గా చెప్పు.

నర్సంపేట_రైతు:
పూలు బాగున్నాయని ఇంటికి తెచ్చుకోకండి. లొట్టపీసు మా చెరువు శిఖం అంతా ఆక్రమించింది. ఎండాకాలం మేత లేక మేకలు దానికి అలవాటు పడ్డాయి. ఒకసారి రుచి మరిగితే వేరే ఆకు ముట్టవు. తల వణుకుతుంది, వెనక కాళ్ళు తడబడతాయి. మూడు మేకలు పోయాయి నాకు. ఈ జాతి మొక్క ఏదైనా నాకు అనుమానమే.

కాజీపేట_జంక్షన్:
అన్నా, లొట్టపీసు తీగ కాదు కదా, గుబురుగా నిలబడే చెట్టు. పూలు లేత ఊదారంగు. ఆయన అడిగింది అడవిలో తీగ గురించి.

నర్సంపేట_రైతు:
ఒకే కుటుంబం కాదా? పువ్వు అదే గరాటు, తుంచితే అవే పాలు. మేకలు పోయినవాడికి తెలుస్తుంది.

వనమూలికల_ఇల్లు:
ఇంత చర్చ ఎందుకు? కాడకు మూడు రెక్కలు అన్నప్పుడే తేలిపోయింది. అది తెగడ. మా తాత, మా నాన్న, నేను, మూడు తరాలుగా ఇదే పని. సంస్కృతంలో త్రివృత్ అంటారు, విరేచనానికి దీన్ని మించిన మూలిక లేదు. అనుమానం ఉంటే చిన్న వేరు తవ్వి, లోపలి పుల్ల తీసేసి, బెరడు ముక్క నమలండి. తెల్లవారేసరికి మీకే తెలుస్తుంది.

హన్మకొండ_లత:
దయచేసి ఆ మాట తీసేయండి. మా నాన్నకు మలబద్ధకం అంటే ఎవరో తెగడ పొడి అని పొట్లం కట్టి ఇచ్చారు. రాత్రంతా విరేచనాలు. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక తడారిపోయింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ రెండు రోజులు మేము పడిన టెన్షన్ పగవాళ్ళకు కూడా వద్దు. మొక్కను గుర్తుపట్టడానికి వేరు నమలమని ఎట్లా చెప్తారు?

వనమూలికల_ఇల్లు:
అమ్మా, మీకు తెల్ల తెగడ బదులు నల్ల తెగడ ఇచ్చి ఉంటారు. నల్లది చాలా తీక్షణం. వయసు చూసి, బలం చూసి, మోతాదు చూసి ఇవ్వాలి. మందుది తప్పు కాదు, ఇచ్చినవాడిది తప్పు.

హన్మకొండ_లత:
మీరు ఇప్పుడు ఇక్కడ ఎవరి వయసు చూసి, ఎవరి బలం చూసి నమలమన్నారు? చదివేవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళు ఉంటారు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఉంటారు.

వనమూలికల_ఇల్లు:
నేను వైద్యం చెప్పలేదు, గుర్తు చెప్పాను. మూడు తరాల పేరు ఇది, ఇట్లా మాట పడాల్సిన అవసరం నాకు లేదు.

ములుగు_బిడ్డ:
మాట పడాల్సిందే సార్. ఇంకో సంగతి, పాకాల అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ వేరు తవ్వడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మా వైపు అడవుల్లో వేళ్ళ కోసం గుంతలు తవ్వి మట్టి కూడా కప్పకుండా పోతారు. చిన్నప్పుడు నేను చూసిన తీగల్లో సగం ఇప్పుడు కనబడవు. ఆకు, పువ్వు, కాడ, కాయ ఉండగా వేరుతో పనేంటి?

పత్రి_కోసం:
ఈ గరాటు పూల కుటుంబం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. వినాయక చవితికి 21 పత్రిలో విష్ణుక్రాంత ఉంటుంది కదా, ప్రతి ఏడాదీ మార్కెట్‌లో శంఖుపుష్పం ఆకు చేతిలో పెడతారు. అడిగితే రెండూ ఒకటే అంటారు. ఒకటేనా?

కాజీపేట_జంక్షన్:
ఒకటి కాదు. శంఖుపుష్పం చిక్కుడు జాతి, దానికి కాయ చూస్తే చాలు. విష్ణుక్రాంత నేల మీద పాకే చిన్న మొక్క, పావలా బిళ్ళ కంటే చిన్న నీలి పువ్వు. గుట్టల మీద, గడ్డి మధ్య ఉంటుంది. భద్రకాళి గుడి వెనక గుట్ట మీద నేనే చూశాను. పొద్దున పూస్తుంది, ఎండ ముదిరితే ముడుచుకుంటుంది.

జమ్మికుంట_అక్క:
బొద్ది గురించి ఎవరూ చెప్పరేం?

డిగ్రీ_కాలేజీ_సార్:
ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, కొంచెం ఓపిగ్గా చదవండి. తెల్లపువ్వు, పాలు, గుండె ఆకు, ఈ మూడూ ఈ కుటుంబంలో చాలా మొక్కలకు ఉంటాయి. వాటితో ఏదీ తేలదు. పది రెట్ల లెన్స్ పెట్టి పుప్పొడి చూడాలి. ఐపోమియా జాతి (మూన్‌ఫ్లవర్, లొట్టపీసు లాంటివి) అయితే పుప్పొడి రేణువు మీద ముళ్ళు ఉంటాయి, గరుగ్గా కనిపిస్తుంది. తెగడ ఐపోమియా కాదు, ఆపర్‌క్యులినా. దాని పుప్పొడి నున్నగా ఉంటుంది, పగిలిన పుప్పొడి తిత్తులు తాడు పేనినట్టు మెలితిరుగుతాయి. యాప్‌లు పువ్వు ముఖం చూసి చెప్తాయి, లోపల ఏముందో చూడవు.

కాజీపేట_జంక్షన్:
సార్, వనభోజనాలకు లెన్స్ ఎవరు పట్టుకుపోతారు? కంటికి కనిపించే గుర్తు చెప్పండి.

డిగ్రీ_కాలేజీ_సార్:
లెన్స్ మూడు వందలకు దొరుకుతుంది. ఫోన్‌కు పెట్టిన డబ్బులో అదెంత? సరే, కంటికి కనిపించేది కాయ. ఐపోమియా కాయ ఎండితే సాధారణంగా నిలువుగా నాలుగు చీలికలుగా పగులుతుంది. బొద్ది కాయ అసలు పగలదు. తెగడ కాయకు పైభాగం మూతలా ఊడి వస్తుంది, ఆపర్‌క్యులినా అనే పేరు ఆ మూత వల్లనే. పువ్వు కింద ఉండే రక్షక పత్రాలు పువ్వు రాలాక కూడా పెరిగి కాయ చుట్టూ దొప్పలా నిలబడతాయి. ఇక అక్క చెప్పిన బొద్ది (రీవియా) కాడ గుండ్రంగా, ముదిరితే కట్టెలా ఉంటుంది. రెక్కలు ఉండవు. మూన్‌ఫ్లవర్‌కు రెక్కలు కాదు, కాడ మీద మెత్తటి ముళ్ళు ఉంటాయి. అది అమెరికా మొక్క, లొట్టపీసు కూడా ఆ వైపుదే. తెగడ, బొద్ది రెండూ మన నేలవి.

నర్సంపేట_రైతు:
లొట్టపీసు మనది కాదా? మరి ఎవరు తెచ్చి మా చెరువులో వేశారు? దాన్ని పీకాలంటే ఒక్కో కూలీకి ఎంతవుతుందో తెలుసా? కొట్టి పడేసిన ముక్క తడి తగిలితే మళ్ళీ చిగురిస్తుంది. దీని మీద వేరే చర్చ పెట్టండి, నేను వస్తాను.

వనమూలికల_ఇల్లు:
సార్ ఇంత పొడుగు రాసి చివరికి చెప్పింది తెగడ అనే కదా. నేను మొదటే చెప్పాను.

హన్మకొండ_లత:
పేరు మీరే ముందు చెప్పారు, ఒప్పుకుంటాను. నమలమన్న మాట ఇంకా అక్కడే ఉంది.

పాకాల_బాట:
సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ పోయాను. పూలు అయిపోయాయి. ఆకులు సగం రాలి, కాడ మీద ఆ అంచులు ఇంకా బాగా తేలి కనిపించాయి. కాయలు ఉన్నాయి. చుట్టూ గోధుమరంగు దొప్పలు, విరిస్తే పెళుసుగా విరిగాయి. లోపల గోళీకాయంత కాయ. వేలితో మెల్లగా నెడితే పైపొర మూతలాగే ఊడింది. లోపల మూడు నల్లటి గింజలు. ఫొటోలు తీసుకుని గింజలు అక్కడే పొద కింద వేసి వచ్చాను. వేరు ముట్టుకోలేదు. అందరికీ థాంక్స్. లెన్స్ కూడా ఆర్డర్ పెట్టాను సార్.

అక్కా, తిరిగొచ్చే దారిలో వాగు ఒడ్డున ఇంకో తీగ చూశాను. గుండ్రటి ఆకు, వెనక తెల్లగా మెరిసింది, కాడ గట్టిగా ఉంది. పూలు లేవు. ఫొటో పెడుతున్నా.

జమ్మికుంట_అక్క:
ఇదే తమ్మీ, ఇదే బొద్ది! ఆ వెనక మెరుపు చూస్తే మా అమ్మ చేతి కూర గుర్తొచ్చింది. వానలు పడ్డాక ఆ ఒడ్డు దగ్గరికి నన్ను తీసుకుపోతావా? కోయను. ఒకసారి ముట్టుకుని వస్తాను.