రక్తపోటులో ఉన్నది ఏ పోటు?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు: రక్తపోటు అనాలా, బడి పుస్తకాల్లో ఉన్నట్టు రక్తపీడనం అనాలా, అసలు గుండెపోటులో పోటూ రక్తపోటులో పోటూ ఒకటేనా అని. కింద జవాబుల్లో ఎక్కువమంది "పోటు అంటే నొప్పి, బీపీకి నొప్పి ఉండదు, కాబట్టి రక్తపోటు తప్పు మాట, పీడనమే కరెక్ట్" అని తేల్చేశారు. ఆ తీర్పు నాకు నచ్చలేదు. విశాఖలో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను, బీపీ మిషనూ ఈ మాటలూ రోజూ చేతిలో ఉండేవే, అందుకని కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మాట సంగతి. పొడవడం నుంచి పోటు. కత్తిపోటు, వెన్నుపోటు, సూదిపోటు, కొమ్ము విసిరే పోట్లగిత్త, పోట్లాట, అన్నీ అక్కడివే. పొడిచినట్టుండే నొప్పికీ అదే మాట: తలపోటు, పన్నుపోటు, చెవిపోటు. ఇంతవరకూ అందరూ చెప్పారు. మన ఊరివాళ్ళు కూడా ఎవరూ ఎత్తనిది, నాకు ఆశ్చర్యం వేసింది, సముద్రం పోటు. విశాఖలో చేపలుపట్టేవాళ్ళుండే జాలారిపేటలో ఎవరినైనా అడగండి, పోటు మీదుంది అంటే నీళ్ళు ఒడ్డుకి ఎక్కుతున్నాయని, ఆటు అంటే వెనక్కి తీస్తున్నాయని. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. వరద పోటెత్తింది, భక్తులు పోటెత్తారు అని పేపర్లు రాసేది కూడా ఈ పోటే. అక్కడ నొప్పి లేదు, ఉన్నది ఒక్కసారిగా పైకి లేచి ముందుకు తోసుకురావడం. పొద్దు పొడిచింది అన్నప్పుడు సూర్యుడు ఎవరినీ పొడవలేదు కదా, పైకి లేచాడు. పొడవడంలో గుచ్చడమూ ఉంది, లేవడమూ ఉంది. (తిరుమలలో వంటశాలనీ పోటు అంటారు, అది వేరే పోస్టులో మాట్లాడుకుందాం, ఇక్కడ కలిపితే దారి తప్పుతాం.)

నా మాట ఏమిటంటే, గుండెపోటులో ఉన్నది గుచ్చే పోటు, రక్తపోటులో ఉన్నది సముద్రం పోటు. ఈ మాటని మొదట కట్టినవాళ్ళు ఏమనుకుని కట్టారో నేను చెప్పలేదు, ఒంట్లో జరిగే పనికి ఏ అర్థం అతుకుతుందో అది చెబుతున్నాను.

ఒంట్లో జరిగేది చూడండి. గుండెకి నాలుగు గదులు, పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడివైపు గదులు ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకి పంపుతాయి, అక్కడ ప్రాణవాయువు పట్టుకుని ఎడమవైపు గదుల్లోకి వస్తుంది, ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమనిలోకి (గుండె నుంచి రక్తం తీసుకెళ్ళే గొట్టాలు ధమనులు, వాటిలో అతి పెద్దది ఇది) తోస్తుంది. ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా బాగా మందం, ఎందుకంటే కుడిది పక్కనున్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు, ఎడమది తల నుంచి కాలి వేళ్ళ దాకా తొయ్యాలి. ఒక్కసారి ముడుచుకుంటే సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషానికి సుమారు 70 సార్లు. లెక్క వేస్తే నిమిషానికి 5 లీటర్లు, అంటే పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే రక్తం దాదాపు అంతా నిమిషంలో ఒక చుట్టు తిరిగినట్టే.

ఇక్కడే పోటు వస్తుంది. జఠరిక ముడుచుకున్న ప్రతిసారీ ధమనుల్లోకి రక్తం పోటెత్తుతుంది, గోడలు సాగుతాయి, ఆ ఎత్తుకి చేరిన ఒత్తిడే పై అంకె, 120. గుండె వదులైనప్పుడు ఆటు. అయితే అప్పుడు ఒత్తిడి సున్నాకి పడిపోదు, సాగిన ధమని గోడలు మళ్ళీ యథాస్థితికి వస్తూ రక్తాన్ని ముందుకు నెడుతూనే ఉంటాయి కాబట్టి 80 దగ్గర నిలబడుతుంది. అదే కింది అంకె. మణికట్టు దగ్గర మనం పట్టుకునే నాడి కూడా ఈ పోటు వచ్చి తగలడమే.

ఇది కళ్ళతో చూసినవాళ్ళున్నారు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన గుర్రం ధమనికి పొడవాటి గాజు గొట్టం తగిలించి చూస్తే రక్తం 8 అడుగులు దాటి ఎక్కింది, ఎక్కి ఊరుకోలేదు, ప్రతి నాడికీ కాస్త పైకీ కాస్త కిందకీ ఊగుతూ ఉంది. 1733లో ఆ సంగతులు అచ్చేశాడు. రక్తం గుండె నుంచి బయల్దేరి చుట్టు తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని విలియం హార్వే 1628లో రాశాక సుమారు వందేళ్ళకి. మనుషులకి గొట్టం గుచ్చలేరు కదా, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టే పద్ధతి రివా రోచి 1896లో పెట్టాడు, పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినడం 1905లో రష్యా సర్జన్ కొరోట్కోవ్ చెప్పాడు. ఇప్పటికీ మేం చేసేది అదే. గాలి కొడితే ధమని మూసుకుపోతుంది, మెల్లగా వదులుతుంటే ఒకచోట టక్, టక్ మని మొదలవుతుంది, పోటు పట్టీని నెట్టుకుని దూరిందన్నమాట, అది పై అంకె. ఇంకా వదిలితే ఒకచోట చప్పుడు ఆగుతుంది, అది కింది అంకె. ఈ అంకెలు పాదరసం మిల్లీమీటర్లు. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు, కాబట్టి 120 అంటే 1.6 మీటర్ల పైచిలుకు నీటి ఎత్తుకి సమానం. పిడికిలంత గుండె అంత పని ప్రతి దెబ్బకీ చేస్తోంది, ఆలోచించండి.

పీడనం అన్నవాళ్ళకి ఒక ప్రశ్న. పీడ, పీడించు, పీడకల ఉన్న చోట నుంచి వచ్చిన మాట నొప్పి లేని మాట ఎలా అయింది? భౌతికశాస్త్రం పుస్తకంలో గాలి పీడనం, నీటి పీడనం అని స్థిరపడింది, అక్కడ బాగుంది, పిల్లలు అలాగే రాయాలి. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్ళతో పీడనం అంటే ఒక్కరికీ అందదు.

అయితే పోటు అందరికీ సరిగ్గానే అందుతోందా అంటే లేదు, అదే నా అసలు బాధ. పోటు అనగానే నొప్పి అనుకోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మొన్న చేపలమ్మే ఒకావిడ వచ్చింది, తట్ట గుమ్మం బయట పెట్టి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని కూర్చుంది. కాసేపు కూర్చోబెట్టి చూస్తే 170 మీద 100. అంతకు ముందు వారం చూసినప్పుడూ దగ్గర దగ్గర అంతే. మాత్రల సంగతి ఎత్తగానే "నాకే పోటూ నేదమ్మా, తలపోటైనా రాదు, మాత్రలెందుకేటి?" అంది. ఆవిడ తర్కంలో తప్పేం లేదు. పోటు లేనప్పుడు రక్తపోటు ఎలా ఉంటుంది? అప్పుడు సముద్రం పోటు గురించి చెప్పాను, పై అంకె పోటు పిన్నీ, కింది అంకె ఆటు అని. కాసేపు మిషను వైపు చూసి "అయితే నాకు ఆటులో కూడా నీరు దిగడం నేదన్నమాట" అంది. కింది అంకె 100 అంటే ఏమిటో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

రక్తపోటు ఎక్కువైనా చాలామందికి ఏమీ తెలియదు. తలనొప్పి వస్తుందనీ కళ్ళు తిరుగుతాయనీ ఎదురుచూసి, రాలేదు కాబట్టి లేదు అనుకుంటారు. ఈలోగా ధమనుల గోడలు గట్టిపడతాయి, ఆ ఎదురు ఒత్తిడికి తొయ్యలేక తోసి ఎడమ జఠరిక గోడ ఇంకా మందమవుతుంది, కిడ్నీల్లో, కంటి వెనక, మెదడులో ఉండే సన్నటి నాళాలు దెబ్బతింటాయి. ఒక్కసారి చూసి ముద్ర వెయ్యరు. 5 నిమిషాలు స్థిమితంగా కూర్చున్నాక, వేరువేరు రోజుల్లో చూసినా 140 మీద 90, లేదా ఆ పైన ఉంటే అప్పుడు ఎక్కువ అంటారు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అది ఒక టీ చెంచాకి మించదు. మన ఇళ్ళల్లో ఆవకాయ, ఎండుచేప, అప్పడం ఒకే పూట పడితే ఆ లెక్క ఎక్కడికి పోతుందో మీకే తెలుసు.

కాబట్టి మాట మార్చనక్కర్లేదు, వాడే తీరు మార్చాలి. "నాకు బీపీ ఉంది", "రక్తపోటు వచ్చింది" అనకండి. బీపీ అందరికీ ఉంటుంది, లేకపోతే మనిషే లేడు. "రక్తపోటు ఎక్కువగా ఉంది" అనండి.

గుండెపోటు దగ్గరికి వస్తే ఇబ్బంది తలకిందులుగా ఉంది. ఇక్కడ పోటు నొప్పే, కానీ చాలామందికి పొడిచినట్టు ఉండదు. మా దగ్గరికి వచ్చినవాళ్ళ మాటలు రాస్తున్నాను: గుండె బరువుగా ఉంది, ఛాతీ పట్టేసింది, దవడ లాగుతోంది, ఎడం చెయ్యి గుంజుతోంది, ఒళ్ళంతా చెమటలు పోస్తున్నాయి, ఊపిరి ఆడట్లేదు. వీటిలో ఎక్కడా పోటు లేదు. పోటు లేదు కాబట్టి గుండె కాదు, గ్యాస్ అనుకుని, సోడా తాగి, వాము నమిలి పడుకున్నవాళ్ళు ఎంతమందో. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి నరాలు దెబ్బతిని నొప్పే తెలియకపోవచ్చు, ఆయాసం, నీరసం, చెమట, అంతే. లోపల జరిగేది ఇది: గుండె కండరానికి రక్తం ఇచ్చే ధమనులు బృహద్ధమని మొదట్లోనే చీలి గుండె మీదుగా వెళతాయి. (గుండె నిండా రక్తమే ఉన్నా తనకి కావాల్సింది ఈ దారినే రావాలి.) వాటి గోడల్లో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుంటుంది, ఒకరోజు ఆ పూత చిట్లి దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, అవతలి కండరం చావడం మొదలవుతుంది. నిమిషాలు కూడా లెక్కే. అందుకే 108కి ఫోన్, ఈసీజీ, ఆ తర్వాతే గ్యాసా కాదా అన్న చర్చ.

గుండె ఆగిపోవడం దీనికి వేరు. అక్కడ గుండె విద్యుత్తు లయ చెడి పంపింగే ఉండదు, మనిషి పడిపోతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి సరిగ్గా ఉండదు. గుండెపోటు దానికి దారితియ్యొచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. గుండెపోటుకి ఆసుపత్రికి పరుగు, గుండె ఆగిపోతే 108కి చెప్పించి, వాళ్ళొచ్చేలోగా అక్కడికక్కడే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కడం. పేపర్లు రెండిటినీ గుండెపోటు అనే రాస్తున్నాయి. ఈ గ్రూపులో విలేకరులు ఉన్నారు కదా, ఇదొక్కటి విడదీసి రాయండి, దండం పెడతాను.

కామెంట్లు చూశాక కలుపుతున్నవి.

"నరం" గురించి అడిగారు. నిజమే, సెలైను ఎక్కించేటప్పుడు నరం దొరకట్లేదు అని మేమే అంటాం, అది నరం కాదు, సిర, అంటే రక్తాన్ని తిరిగి గుండెకి తెచ్చే గొట్టం. నరాల బలహీనత అన్నప్పుడు మాత్రం నిజంగా నరాలే. తెలుగులో నరం అంటే చర్మం కింద తాడులా తగిలేది ఏదైనా, పాతకాలం నుంచీ అంతే, దాన్ని తప్పు అనను. కానీ కాలి మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయని వచ్చినవాళ్ళు నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళి అక్కడ సగం రోజు కూర్చుని వస్తున్నారు. అవి సిరలు. కాళ్ళ నుంచి రక్తం పైకెక్కాలంటే పిక్క కండరాలు పిండాలి, సిరల్లో ఉన్న కవాటాలు కిందకి జారకుండా ఆపాలి. ఆ కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచి సిరలు ఉబ్బుతాయి. పూర్ణా మార్కెట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటరు వెనక నిలబడే అమ్మాయిలకీ, ట్రాఫిక్ డ్యూటీవాళ్ళకీ, హోటళ్ళలో పొయ్యి దగ్గరుండేవాళ్ళకీ ఇది చూస్తుంటాం. మధ్యమధ్యలో నాలుగడుగులు నడవండి, కూర్చున్నప్పుడు కాళ్ళు కాస్త ఎత్తు మీద పెట్టండి. ఒకే కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మాత్రం ఆగకుండా చూపించుకోండి, లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు.

పక్షవాతం వాత రోగం కదా, దానికీ రక్తానికీ ఏం సంబంధం అన్నారు. పేరు పాత వైద్యం నుంచి వచ్చింది, పక్షం అంటే ఒక వైపు, ఆ సగం సరిగ్గా పట్టుకున్నారు. జరిగేది మెదడు రక్తనాళం మూసుకోవడమో చిట్లడమో. మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందుకి పోవద్దు, మొదటి కొన్ని గంటల్లోనే ఆసుపత్రిలో చెయ్యగలిగింది ఎక్కువ.

చివరిగా నాకు మీ నుంచి ఒక సాయం కావాలి. గుండె దడ అన్న ఒక్క మాటతో రెండు వేరు సంగతులు చెబుతున్నారు. ఒకటి గుండె వేగంగా కొట్టుకోవడం, రెండోది లయ తప్పి, ఒకటి ఆగి ఒకటి కొట్టుకోవడం. రెండోది ఒక్కోసారి కర్ణికల్లో వచ్చే తేడా, అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకి పోయే ప్రమాదం ఉంటుంది, కాబట్టి మాకు విడిగా తెలియాలి. గుబగుబ, గుండె జారడం, గుండె తప్పడం అని మా వైపు వింటున్నాను గానీ ఎవరు దేనికి అంటున్నారో నికరంగా లేదు. శ్రీకాకుళం వైపు, గోదావరి వైపు, రాయలసీమలో, తెలంగాణలో ఆ రెండోదాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో, ఊరి పేరుతో సహా కింద రాయండి.