సమస్య: "వాన లేని నాఁడు వానఁ గొలిచె"

ఆటవెలది నాలుగో పాదం ఇది. సందర్భం: చెన్నపట్టణపు వాతావరణ పరిశీలకులు. నుంగంబాకం వేధశాల 1792 నాటిది. అక్కడి రాతిస్తంభం మీద తమిళంతో పాటు తెలుగులోనూ శాసనం ఉంది. ఆ వేధశాల ఖగోళ శాస్త్రవేత్త గోల్డింగ్‌హాం వాతావరణ పట్టిక 1796లో మొదలైంది, వర్షపాతం లెక్కలు 1813 నుంచి వరుసగా ఉన్నాయి.

పూరణ 1

తెల్లవారు వేళ దిగినట్టి మంచుకు
సీసలోన చుక్క చేరి నిలువ
కొత్తవాఁడు మురిసి కొలబద్ద చేఁబూని
వాన లేని నాఁడు వానఁ గొలిచె

విమర్శ: యతులు కుదిరాయి. కొలబద్ద మాత్రం తప్పు. వానమాపకంలో గరాటు కింది సీసాలో చేరిన నీటిని గాజు కొలజాడీలోకి వంపి చూస్తారు. 200 చదరపు సెంటీమీటర్ల గరాటుకు 20 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు వాన; ఆ నీటినే 100 చదరపు సెంటీమీటర్ల గరాటుకు చేసిన జాడీతో కొలిస్తే లెక్క రెట్టింపవుతుంది. "కొలజాడి చేఁబూని" అనండి, గణం చెడదు.

పూరణ 2

నిన్న రాత్రి కురిసి నిలిచిన జలమునే
యెనిమిదిన్నరైన యెండలోన
గాజుజాడిఁ బోసి గమనించి గీతను
వాన లేని నాఁడు వానఁ గొలిచె

విమర్శ: సమస్య విడిపోయింది, చాలా బాగుంది. 10వ తేదీ ఉదయం 8:30 నుంచి 11 ఉదయం 8:30 దాకా పడిందంతా 11వ తేదీ ఖాతాలోకే వెళ్తుంది, ఆ రోజు ఎండ కాసినా సరే. "గమనించి గీతను" అన్నారు, అదీ సరైనదే: జాడీని కంటి ఎత్తున ఉంచి నీటి వంపు అడుగును చదవాలి. గరాటు మెడలో ఆకు అడ్డుపడితే నిన్నటి నీరు 8:30 దాటాక కారి మరుసటి తేదీలో పడుతుంది. ముందు గరాటు చూడండి. అయితే ఈ పద్యం గోల్డింగ్‌హాం కాలానికి చెల్లదు. ఈ ఎనిమిదిన్నర భారత ప్రామాణిక కాలం లెక్క, అది 1906లో వచ్చింది. అంతకుముందు ఇక్కడ నడిచింది మద్రాసు కాలం.

పూరణ 3

సున్న కూడ లెక్క, చుక్కయు రాకున్న
ఖాళి విడువ రాదు కాగితమున
చెన్నపట్టణమునఁ జెదరని నిష్ఠతో
వాన లేని నాఁడు వానఁ గొలిచె

విమర్శ: పరిశీలకుడి ధర్మం పట్టిన పద్యం ఇదే. గడి ఖాళీగా ఉంటే వాన పడలేదో, మనిషి చూడలేదో వందేళ్ల తర్వాత చదివేవాడికి తెలియదు; ఆ నెల మొత్తమే అనుమానంలో పడుతుంది. 0.1 మిల్లీమీటరుకు తక్కువగా తడిస్తే సున్న రాయకూడదు, "జాడ మాత్రం" అని రాయాలి. "ఖాళీ" దీర్ఘాంతం, కుదించకండి. "గడిని విడువ రాదు కాగితమున" అంటే యతీ నిలుస్తుంది.