నొప్పుల్లో బిడ్డ హార్ట్ బీట్ పడిపోతే అది ప్రమాదమా, హార్మోన్ల పనా?

ఓరుగల్లు నాన్న:
మా ఇంట్లో ఈమధ్యే పెద్దాపరేషన్ అయింది. "బిడ్డ హార్ట్ బీట్ పడిపోతోంది, సంతకం పెట్టండి" అన్నారు, పెట్టాను. పాప కేరుమంటూ పుట్టింది, ఏ లోపమూ లేదు. ఆ తర్వాత చదివాను. నొప్పుల సమయంలో బిడ్డ ఒంట్లో వాసోప్రెసిన్ అనే పెప్టైడ్ హార్మోన్ (చిన్న ప్రొటీన్ ముక్కలాంటి హార్మోన్) విపరీతంగా ఊరుతుందట, అది బీపీ పెంచి గుండె వేగం తగ్గిస్తుందట. మరి సహజంగా జరిగేదాన్ని చూపించి కడుపు కోయడమేంటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తమ్మీద 21.5. మన పిల్లలకే బీట్ పడిపోతుందా?

ఫిజియాలజీ మాస్టారు:
మీరు చదివింది సగమే. నార్మల్ కాన్పులో పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలో వాసోప్రెసిన్ చాలా ఎక్కువ, నొప్పులు రాకముందే చేసిన సిజేరియన్‌లో తక్కువ. అదీ మాయ నుంచి బిడ్డకు రక్తం తెచ్చే బొడ్డుతాడు సిరలో కంటే, బిడ్డ నుంచి మాయకు తీసుకెళ్లే ధమనుల్లో ఎక్కువ ఉంటుంది కాబట్టి అది బిడ్డ సొంతం, తల్లి నుంచి వచ్చింది కాదు. ఇంతవరకూ మీరన్నది సరే.

కానీ ఆక్సిజన్ తగ్గగానే గుండె వేగాన్ని ముందుగా దించేది హార్మోన్ కాదు, నరం. మెడలో ఉండే కెరోటిడ్ బాడీలు పసిగడతాయి, వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది. గొర్రె పిండాల్లో ఆ కెరోటిడ్ నరాలు కోసేసి చూస్తే ఆ మొదటి తగ్గుదల కనిపించలేదు. వాసోప్రెసిన్, యాంజియోటెన్సిన్ అనే మరో హార్మోన్ వెనకాల వస్తాయి. చర్మానికి, పేగులకు, కాళ్లూచేతులకు వెళ్లే రక్తనాళాలను బిగించి బీపీ నిలబెడతాయి. రక్తం మెదడుకీ గుండెకీ అడ్రినల్ గ్రంథులకీ మళ్లుతుంది.

గుంటూరు మిర్చి:
గొర్రెల సంగతి ఎవడిక్కావాలి సార్. మనుషుల గురించి చెప్పండి.

ఫిజియాలజీ మాస్టారు:
కడుపులో ఉన్న మనిషి బిడ్డ ధమనిలో గొట్టం పెట్టి రోజుల తరబడి బీపీ కొలవనిస్తారా? గొర్రె పిండానికి అది చేయగలిగారు కాబట్టే ఈ మాత్రం తెలిసింది. మనుషుల్లోనూ ఆధారం ఉంది. ఎనలాప్రిల్ రకం బీపీ మాత్రలు యాంజియోటెన్సిన్-2 తయారీని ఆపుతాయి. గర్భం నాలుగో నెల దాటాక తల్లి వాటిని వేసుకుంటే బిడ్డ బీపీ పడిపోయి, మూత్రం తగ్గి, ఉమ్మనీరు ఇంకిపోవచ్చు. అంటే కడుపులో బిడ్డ బీపీ ఆ హార్మోన్ మీద అంతగా ఆధారపడి ఉంది.

సిరి_వైజాగ్:
అయ్యో, మా చెల్లికి ఆరో నెల. బీపీ మాత్ర వేసుకుంటోంది!

ఫిజియాలజీ మాస్టారు:
పేరు చూసి ఇవాళే వాళ్ల డాక్టర్‌కు ఫోన్ చేయండమ్మా. సొంతంగా మానేయొద్దు. గర్భిణులకు లాబెటలాల్ లాంటివి వేరే ఉన్నాయి.

ఓరుగల్లు నాన్న:
మాస్టారూ, ఒక్క ముక్కలో చెప్పండి. అది బిడ్డను కాపాడే ఏర్పాటా, కాదా?

ఫిజియాలజీ మాస్టారు:
కాపాడేదే. ఇంటికి నిప్పంటుకుంటే ఫైరింజన్ వచ్చింది కదా అని మీరు లోపలే కూర్చుంటారా?

ఓరుగల్లు నాన్న:
మా ఇంటికి నిప్పే అంటుకోలేదంటున్నాను. పాప బాగానే పుట్టింది కదా!

డాక్టరమ్మ:
బాగా పుట్టింది టైంకి తీశారు కాబట్టి. అది ఒప్పుకోవడానికి ఎంత కష్టమో.

ఓరుగల్లు నాన్న:
మేడమ్, కాన్పంతా మెషిన్ పెట్టి గ్రాఫ్ చూడటం, మధ్యమధ్యలో చెవితో వినడం, రెండింటినీ పోల్చిన ట్రయల్స్ ఉన్నాయి. వాటిని కలిపి 2017లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే సంస్థ) వాళ్లు ఇచ్చిన సమీక్షలో మెషిన్‌తో సిజేరియన్లు పెరిగాయి, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక సరిగ్గా లేకపోవడం) మాత్రం తగ్గలేదు.

డాక్టరమ్మ:
పుట్టిన బిడ్డలకు ఫిట్స్ రావడం సగానికి తగ్గిందని కూడా అందులోనే ఉంది. ఆ లైను ఎందుకు మింగేశారు? నేను గంట ఆగి చూసి, బిడ్డకేమైనా అయితే అద్దాలు పగలగొట్టడానికి వచ్చేది మీలాంటివాళ్లే. అప్పుడెవరూ వాసోప్రెసిన్ గురించి అడగరు.

గుంటూరు మిర్చి:
మొదలైంది 🍿

లేబర్ రూమ్ అక్క:
సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. తమ్ముడూ, బీట్ నొప్పితో పాటు దిగి, నొప్పి పోగానే మళ్లీ 110-160 మధ్యకు వచ్చేస్తే చాలాసార్లు తల నొక్కుకోవడం వల్లే. నొప్పి నడిమిట్లో దిగడం మొదలై, నొప్పి పోయినా లేవకపోతే, గీత ఎగుడుదిగుడు లేకుండా చదునుగా పోతుంటే మాకు గుండె జల్లుమనేది. నీకేం చూపించారు? ఇంకోటి, నొప్పుల డ్రిప్ పెట్టారా?

ఓరుగల్లు నాన్న:
గ్రాఫ్ చూపించలేదు. డ్రిప్ పొద్దుట్నుంచీ ఉంది, స్పీడ్ పెంచుతూ పోయారు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు లేదని మా ఆవిడ ఏడ్చింది. ఓర్చుకోమన్నారు.

లేబర్ రూమ్ అక్క:
అదీ సంగతి. ఆ డ్రిప్‌లో ఉండేది ఆక్సిటోసిన్, అదీ పెప్టైడ్ హార్మోనే. సందు లేకుండా నొప్పులొస్తే మాయకు రక్తం అందదు, బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది, మాస్టారు చెప్పిందంతా అక్కడ మొదలవుతుంది. బీట్ తగ్గితే మేము ముందు డ్రిప్ ఆపేవాళ్లం, ఎడమ పక్కకు తిప్పి, తల్లి బీపీ చూసేవాళ్లం. మీవాళ్లు ఆపి చూశారా?

ఓరుగల్లు నాన్న:
తెలియదక్కా. అసలు నా బాధే అది. నేను ఆపరేషన్ వద్దనలేదు. ఎందుకు పడిపోయిందని అడిగితే "నీకర్థం కాదులే" అన్నాడా డాక్టరు. మా ఆవిడకు ఇప్పటికీ తనే ఏదో సరిగ్గా చేయలేకపోయానన్న దిగులు. డ్రిప్ వల్ల కావచ్చని ఒక్కరన్నా చెప్తే సరిపోయేది.

డాక్టరమ్మ:
బీట్ ఎనభైలో ఉన్నప్పుడు పాఠం చెప్పే టైం ఉండదు.

ఓరుగల్లు నాన్న:
డ్రిప్ పెట్టింది పొద్దున మేడమ్. అప్పుడు బోలెడంత టైం ఉంది.

ఫిజియాలజీ మాస్టారు:
డ్రిప్ వల్లే అని గ్రాఫ్ చూడకుండా తేల్చలేం. బొడ్డుతాడు నొక్కుకున్నా ఇలాగే పడుతుంది.

లేబర్ రూమ్ అక్క:
కేస్‌షీట్ కాపీ రాసి అడుగు తమ్ముడూ. 2002 మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. డ్రిప్ ఎన్ని చుక్కలు పెట్టారో, ఎప్పుడు ఆపారో అందులో ఉండాలి. గ్రాఫ్ కూడా కావాలని విడిగా రాయి.

డాక్టరమ్మ:
అడగండి, మీ హక్కు. తెచ్చి ఇక్కడ పెట్టి మాత్రం తీర్పు చెప్పమనకండి.

ఓరుగల్లు నాన్న:
పెట్టను. మా ఆవిడకు చూపిస్తాను.