రెట్ సిండ్రోమ్ రీసెర్చ్‌కి ఇచ్చే డబ్బు మా పాపదాకా వస్తుందా?

చిన్నారి_అమ్మ:
మా పాపకి నాలుగేళ్లు. ఏడాదిన్నర దాకా అత్త, తాత అనేది, చెంచా తనే పట్టుకునేది. తర్వాత ఒక్కొక్కటే పోయాయి, ఇప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ రెండు చేతులూ బట్ట పిండినట్టు నలుపుకుంటూనే ఉంటుంది. పోయిన నెల టెస్ట్‌లో ఎంఈసీపీ2 అనే జీన్‌లో మ్యుటేషన్ (మార్పు) ఉందని, ఇది రెట్ సిండ్రోమ్ అని తేలింది. రీసెర్చ్‌కి విరాళాలు అడిగేవాళ్లవి చదువుతుంటే ఎక్కడ చూసినా ఎలుకలు, రిజిస్ట్రీలే (ఈ జబ్బున్న పిల్లల వివరాలు నమోదు చేసే జాబితాలు). దీనివల్ల మా పిల్లకి ఒరిగేదేమిటి? ఆ డబ్బేదో ఫిజియోథెరపీకి పెట్టుకోవడం మేలు కదా? తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

ల్యాబ్_మనిషి:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఎలుకల్ని మాత్రం తీసిపారేయకండి. ఈ జీన్ 1999లో హుదా జోగ్బీ ల్యాబ్‌లో దొరికింది. 2007లో ఏడ్రియన్ బర్డ్ బృందం ఎలుకల్లో ఆ జీన్‌ని ఆపేసి, జబ్బు లక్షణాలు బాగా కనిపించాక మళ్లీ ఆన్ చేస్తే, చావుకి దగ్గరపడ్డవి కూడా చాలావరకు కోలుకున్నాయి. అంటే మెదడు కణాలు చచ్చిపోలేదు, ఆ జీన్ తయారుచేయించే ప్రోటీన్ లేక సరిగ్గా పని చేయలేకపోతున్నాయి, అంతే. ఇప్పుడు మనుషుల్లో జరుగుతున్న జీన్ థెరపీ ట్రయల్స్‌కి ధైర్యం అక్కణ్నుంచే వచ్చింది. చిక్కల్లా మోతాదుతోనే, ఎందుకంటే ఈ ప్రోటీన్ తక్కువైతే రెట్, ఎక్కువైతే అదింకో జబ్బు, ఎంఈసీపీ2 డూప్లికేషన్ అంటారు, అది ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. కణం కణానికీ సరిపడా ఎలా అందించాలన్నది తేలాలంటే ఏళ్లు పడుతుంది, డబ్బూ పడుతుంది.

పదకొండేళ్ల_పాప_నాన్న:
పై మాట నిజమే. కానీ థెరపీ ఆపొద్దు చెల్లీ. వెన్నెముక వంకర, ఈసీజీ క్రమం తప్పకుండా చూపించండి, మేం వెన్ను విషయంలో ఆలస్యం చేసి చాలా బాధపడ్డాం. 2023లో అమెరికాలో ట్రోఫినెటైడ్‌కి అనుమతి వచ్చింది, రెట్‌కని వచ్చిన మొదటి మందు. జబ్బుని నయం చేయదు, విరేచనాలు చాలామందికి అవుతాయి. కానీ ఆ ట్రయల్‌లో మందు పనిచేసిందో లేదో కొలిచిన వాటిలో ఒకటి, ఇంట్లో చూసుకునేవాళ్లు నింపిన ప్రశ్నావళి. పిల్ల ఎన్నిసార్లు లేస్తుంది, ఊపిరి ఎప్పుడు బిగబడుతుంది, చేతులు ఎలా ఆడిస్తుంది, ఇవి మనకి తప్ప ఎవరికి తెలుస్తాయి? పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది, మనం రిజిస్ట్రీలో లేకపోతే ట్రయల్‌కి పిల్లల్ని ఎక్కణ్నుంచి తెస్తారు? డబ్బు ఇవ్వలేకపోయినా పేరు మాత్రం నమోదు చేయించండి.

చిన్నారి_అమ్మ:
ఇద్దరికీ థాంక్స్ అండీ. ఏడ్చేశాను చదివి. రిజిస్ట్రీ గురించి రేపే డాక్టర్‌ని అడుగుతాను. అన్నయ్యా, మాటలు పోకముందు తీసిన వీడియోలు ఫోన్‌లో తేదీలతో సహా ఉన్నాయి, ఒకదాంట్లో చెంచా ఊపుతూ తాత అంటుంది. అవి కూడా వాళ్లకి పనికొస్తాయా?